రెండో భాగంలో నాన్న

మా ఇంట్లో "మునిగిపోయాడు" అన్న మాట అనరు. చేపల వేట మీద బతికే ఇల్లు మాది. ఏటి మీదకు వెళ్ళినవాడు తిరిగి రాకపోతే "గంగమ్మ పిలుచుకుంది" అంటారు. అలా అనకపోతే మిగిలినవాళ్ళనీ లాక్కుంటుందని మా అత్తగారి భయం. మా ఆయన వరదలో కొట్టుకుపోయినప్పుడు పడవ దొరికింది, మనిషి దొరకలేదు. మా అమ్మాయికి కూడా ఆవిడ ఆ మాటే చెప్పింది.

పిల్ల దాన్ని ఉన్నదున్నట్టు నమ్మింది. నమ్మదూ మరి! అంతకు కొన్నాళ్ళ ముందే వాళ్ళ నాన్న దాన్ని భుజాన ఎక్కించుకుని ఓ సినిమాకి తీసుకెళ్ళాడు. అందులో ఒక పిల్ల, ఏటి అడుగున నాగరాజు కోటలో బందీగా ఉన్న తండ్రి కోసం నీళ్ళలోకి దిగుతుంది. అక్కడితో సినిమా ఆపేసి, మిగతాది రెండో భాగంలో అన్నారు. అప్పటినుంచీ దీనిది ఒకటే గోల, రెండోది ఎప్పుడొస్తుందమ్మా అని. సినిమా పిచ్చి అనుకున్నాను నేను.

మొన్న వానాకాలంలో వచ్చింది. కొవ్వూరు నుంచి అత్తగారితో కలిపి ముగ్గురం ఆటోలో రాజమండ్రి వెళ్ళాం. వంతెన కింద గోదావరి ఎర్రగా, ఒడ్లు ఒరుసుకుంటూ పోతోంది. పిల్ల ఆటోలోంచి తల బయటపెట్టి అదే పనిగా కిందికి చూస్తుంటే జబ్బ పట్టి లోపలికి లాగాను.

సినిమా సంగతి తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. కొండను తవ్వి ఎలుకను పట్టారు. మాట్లాడే గాడిద, దానికో పెళ్ళి, ఆ పెళ్ళిలో పాట మీద పాట. ఏరేమో నీలంగా, సబ్బు నురగలా ఉంది. తీసినవాడు ఏనాడైనా ఏట్లో కాలు పెట్టాడా అసలు? తండ్రి మొదటి సీనులోనే ఇంట్లో కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. సినిమాలో పిల్ల అతన్ని ఎలా తెచ్చిందో ఒక్క ముక్క లేదు. హాలంతా ఈలలు, నవ్వులు. మా పిల్ల మాత్రం పాప్‌కార్న్ ముట్టకుండా బిగుసుకుని కూర్చుంది.

తిరిగొస్తుంటే ఆటో అతను, "ఏంటండీ, బాగుందా సినిమా?" అన్నాడు.

"ఏం బాగండీ, నా మొహం!" అన్నాను.

"ఎలా తెచ్చిందో చూపించలేదు," అంది పిల్ల మెల్లగా. "పర్లేదులే. నాకు ఈత వచ్చుగా."

ఏదో పిల్లమాటలే అని సర్దిచెప్పుకున్నాను గానీ, ఇంటికొచ్చాక దాన్ని కనిపెడుతూనే ఉన్నాను. పొయ్యి వెలిగించి తల తిప్పేసరికి లేదు. బాబోయ్! రేవుకి పరిగెత్తాను.

వరదకి మెట్లు సగం మునిగి ఉన్నాయి. పిల్ల చీలమండల దాకా నీళ్ళలో నిలబడి ఉంది. చంకలో వాళ్ళ నాన్న చొక్కా. రెక్క పట్టి పైకి ఈడ్చాను.

"ఏం చేస్తున్నావే?"

"చొక్కా తీసుకెళ్తున్నానమ్మా. ఇన్నాళ్ళూ తడిబట్టల్తోనే ఉండుంటాడు కదా."

వెనకాలే మా అత్తగారు రొప్పుతూ వచ్చింది. నేనేం చెప్పబోతున్నానో ఆవిడకి అర్థమైపోయింది. "వద్దే, ఆ మాట అనకే! ఏటి ఒడ్డున అసలే అనకూడదు!" అంటూ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది. తోసేశాను.

"నాన్న మునిగిపోయాడే. చచ్చిపోయాడు. అక్కడ కోటా లేదు, ఎవరూ లేరు. ఇక రాడు."

పిల్ల ఏడవలేదు. నన్ను చూసింది, మామ్మని చూసింది.

"మీ ఇద్దరికీ ముందే తెలుసా?" అంది.