గ్రోత్ హార్మోన్ లేదన్న రిపోర్టు

నేను రాసిన లేఖలకు మా శాఖ ఇంతవరకు జవాబివ్వలేదు. అందుకే ఈ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

పదవీ విరమణకు ముందటి వేసవిలో నేను డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌గా తిరువూరు ప్రాంతం చూసేవాణ్ణి. పత్తి వ్యాపారం చేసే ఒక షావుకారు వచ్చి కలిశారు. కండ పెరగడానికని జిమ్‌లో ఇచ్చే ఇంజెక్షన్లు మొదలుపెట్టాక ఆయనకు ఎన్నడూ లేని షుగర్ వచ్చింది. "కండ సంగతి దేవుడెరుగండి, తిని చెయ్యి కడుక్కునేలోపే మళ్లీ ఆకలేస్తోంది" అన్నారు.

జిమ్‌లోని కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లో, మజ్జిగ ప్యాకెట్ల వెనుక, తెల్లటి పొడి ఉన్న చిన్న సీసాలు దొరికాయి. "ఇది మందు కాదు సార్, పరిశోధనకి మాత్రమే. లేబుల్ చూడండి" అన్నాడు యజమాని.

"పరిశోధన ఎవరి మీదయ్యా, షావుకారు మీదా?" అన్నాను.

సాక్షుల ముందు శాంపిల్ తీసి, భాగాలుగా సీలు వేసి, ఒకటి యజమానికిచ్చాను. మరొకటి ప్రభుత్వ ప్రయోగశాలకు వెళ్లాలి. దేనికోసం పరీక్షించాలో వినతిలో రాయాలి. నేను సీసా మీదున్న పెప్టైడ్ పేరు రాశాను.

పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. సీసా మీద పేరున్న ఈ పెప్టైడ్ గ్రోత్ హార్మోన్ కాదు. ఆ హార్మోన్‌ను వదలమని మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథికి శరీరం పంపే సంకేతాన్ని అనుకరిస్తుంది. కొన్ని రకాలు ఆకలి పుట్టించే హార్మోన్‌నూ అనుకరిస్తాయి. అలా విడుదలైన గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది. రక్తంలో చక్కెర పెరగవచ్చు.

పై అధికారి నా వినతి ఆపారు. "ఈ చాంతాడంత పేరు ఎవరు చదువుతారండీ? గ్రోత్ హార్మోన్ అని రాసెయ్యండి. రేపో మాపో రిటైరయ్యేవారు, మీకెందుకింత పట్టు?" అని ఆఫీసులో అందరి ముందూ నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. రాయనన్నాను. మరో ఇన్‌స్పెక్టర్‌తో రాయించి పంపారు.

ప్రయోగశాల అడిగినదానికే జవాబిచ్చింది: గ్రోత్ హార్మోన్ లేదు. కేసు మూసేశారు. జిమ్ యజమాని ఆ రిపోర్టు ప్రతిని అద్దం పక్కన అతికించాడు. షావుకారు అది చూసి ధైర్యంగా ఇంజెక్షన్లు మళ్లీ మొదలుపెట్టారు. కొంతకాలానికి షుగర్ అదుపు తప్పి విజయవాడ ఆసుపత్రిలో చేరారు. చూడటానికి వెళితే, "ఏమీ లేదని చెప్పింది మీరేగా సార్?" అన్నారు.

పరీక్ష వెతికినదాని గురించే చెబుతుంది. వెతకనిది లేదని చెప్పదు. ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదే.

షావుకారు ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది నేను కాదు. నా వినతి ఎందుకు మార్చారో ఆ అధికారి చెప్పాలి. నాకు కాకపోతే షావుకారుకైనా చెప్పాలి, అదీ రాతపూర్వకంగా.