బొంతలో కొత్త ఎర్ర గుడ్డ

మహబూబాబాద్ ప్రదర్శనలో మా బొంతను మధ్యలోనే మడిచేయబోయానని, అందులో నా చీర ఓ మూలకు పడిందన్న కడుపుమంటే దానికి కారణమని మావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో సగం అబద్ధం. కడుపుమంట నిజమే, నేనెప్పుడూ కాదనలేదు. కానీ అది మూల గురించి కాదు, నడిమధ్యన ఉన్న ఎర్ర గుడ్డ గురించి.

జనగామలో మేం నలుగురం ఆదివారాలు బొంతలు కుడతాం. రఘునాథపల్లి నుంచి వచ్చి డిగ్రీలో నా పక్క బెంచీ పట్టిన నా స్నేహితురాలి ఇంట్లో, కింద హాల్లో. పాత చీరలు పొరలుగా పరిచి, నాలుగు వైపులా కూర్చుని, అంచు నుంచి మధ్యకు కుట్టుకుంటూ వస్తాం. ఆమె, నేను ఎప్పుడూ ఎదురెదురు. మధ్యలో మా దారాలు కలిసేచోట ఎవరి కుట్టు ఎక్కడ ఆగిందో మాకే తెలిసేది కాదు.

ఆమెకు తల్లి నుంచి వచ్చిన పట్టింపు ఒకటుంది. బొంతలోకి కొత్త గుడ్డ రాకూడదు. ఒంటి మీద కట్టి, ఉతికి ఉతికి మెత్తబడ్డదే కావాలి. కొత్తది రంగు వదులుతుంది, నీళ్లలో ముడుచుకుంటుంది. ఒకసారి నేను పసుప్పచ్చ కొత్త గుడ్డ కొనుక్కెళితే నా చేతిలోంచి లాక్కుని తిరిగి నా సంచిలోనే కుక్కింది.

"కొత్తది పెడ్తరానే ఎవలన్న? గింత సదువు సదివి ఏం లాభం?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె చెప్పింది సరైనదే కాబట్టి.

తర్వాత భూపాలపల్లి నుంచి బదిలీ మీద ఒక టీచరమ్మ మా వీధికి వచ్చింది. మాట తీయన. తీయటి మాటలంటే నాకు మొదటి నుంచీ అనుమానం. వచ్చిన మొదటి ఆదివారమే డబ్బా నిండా సకినాలు తెచ్చి, నేరుగా నా చోట కూర్చుంది. ఆమెకు తెలియదు, సరే. తెలిసినావిడ ఏమనాలి?

"జర గా పక్కకు కూసోవే," అంది నా స్నేహితురాలు, నాతో.

ఆ పక్క నుంచి కుడితే నా దారం ఆమె దారాన్ని కలవదు.

ప్రదర్శన కోసం పెద్ద బొంత మొదలుపెట్టినప్పుడు టీచరమ్మ ఎర్ర గుడ్డ తెచ్చింది. దుకాణంలో వేసిన మడత గీత కూడా పోలేదు. నేను నా స్నేహితురాలి వైపు చూశాను. ఇప్పుడంటుంది, ఇప్పుడు లాక్కుంటుంది అని సూది పట్టుకుని కాచుకున్నాను. ఆమె ఆ గుడ్డను అరచేత్తో నిమిరింది.

"మంచిగుంది అక్కా. నడుమ పెడదాం."

"ఏందే, గది కొత్తది గదా?" అన్నాను.

"జర ఊకోరాదే. గోడకు ఏలాడదీసేదే గదా."

మహబూబాబాద్‌లో మా బొంత పక్కన తండా ఆడవాళ్లు అద్దాలు కుట్టిన బట్టలు మెరుస్తున్నాయి. అయినా వచ్చినవాళ్లు మా ఎర్ర గుడ్డ దగ్గర ఆగారు, ఫోటోలు దిగారు. నా స్నేహితురాలు టీచరమ్మ భుజం మీద చెయ్యి వేసి, "గీ నడుమది మా అక్కదే," అని వచ్చినవాళ్లందరికీ చూపింది. కుట్టు గురించి ఒక్కరూ అడగలేదు. అప్పుడే నేను లేచి బొంత అంచు పట్టుకుని, రైలుకు టైమవుతోందన్నాను. రైలుకు చాలా టైముందని అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

ఇంటికొచ్చాక దుమ్ము పట్టిందని ఆమె బొంతను ఉతికింది. ఎరుపంతా పారి, మూలనున్న నా తెల్ల నేత చీర దాకా వచ్చింది. నడుమ భాగం ఎండు మిరపకాయలా ముడుచుకుంది. నన్ను ఒక్కదాన్నే పిలిచి డాబా మీద చూపించింది.

"చెప్తే విన్నవా?" అన్నాను.

"నాకు తెల్వదా ఏంది?"

"తెల్సి ఎందుకు పెట్టినవ్?"

"వద్దంటే ఆమె మనసు నొచ్చుకుంటది."

"మరి నాది?"

"నీతోని గా పరేషాన్ లేదు గదనే," అని నవ్వి, నా చేతికి కత్తెర ఇచ్చింది.

ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఎర్ర గుడ్డ చుట్టూ కుట్లు విప్పాం. చాలాకాలానికి నా చోట నేను కూర్చున్నాను. విప్పడం పూర్తవుతుండగా, ఆదివారం టీచరమ్మను కూడా రమ్మన్నానని చెప్పింది. నేను కత్తెర కింద పెట్టాను. విప్పిన దారపు ముక్కలు ఏరడం మొదలుపెట్టాను.

నాతో పరేషాన్ లేదన్న ఆ మాటను అప్పటినుంచి అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉన్నాను. నన్ను తన మనిషి అనుకుని అన్నదా, ఏమన్నా ఎక్కడికీ పోనిదాన్ననుకుని అన్నదా?