పంచుల పేర్లు ఎవరు చెప్పారు?

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మూడో ఏడు, ఎండలు ముదురుతున్న రోజుల్లో నాకు పదోన్నతి వచ్చింది. అప్పటిదాకా కొల్లాపూర్ దిక్కున మండల సర్వేయర్‌గా ఉన్నవాణ్ణి, డిప్యూటీ ఇన్‌స్పెక్టర్‌గా నల్గొండ జిల్లాకు వచ్చాను. ఈ రెండు ఉద్యోగాలకూ తేడా ఏమిటో చెప్పాలి. పొలం హద్దు తేల్చమని రైతు దరఖాస్తు పెట్టుకుంటే పోయి కొలిచేది మండల సర్వేయర్. ఆ కొలత నచ్చని రైతు అప్పీలు చేసుకుంటే విని, కావాలంటే మళ్లీ కొలిపించేది డిప్యూటీ ఇన్‌స్పెక్టర్. కొలిచేవాడిగా ఇరవై ఆరేళ్లు గడిపాను కాబట్టి ఇంకొకరి కొలతలో తప్పు పట్టడం నాకు మంచినీళ్లు తాగినంత సులువని నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం చాలావరకు నిజమే కూడా.

నా దగ్గరికి వచ్చిన మొదటి అప్పీళ్లలో మల్లమ్మది ఒకటి. చిట్యాల దాటాక హైవే దిగి లోపలికి పోతే వచ్చే ఒక చిన్న ఊరు వాళ్లది. గొర్ల మీద బతికే కుటుంబం, రెండెకరాల పైచిలుకు చెల్క, అంటే ఎర్రమట్టి మెట్ట పొలం, అందులో ఒక బావి. ఎండాకాలం గడ్డి దొరకదు కాబట్టి భర్త మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోయాడు. కాగితాలు, ఆఫీసులు అన్నీ ఆమె మీదే పడ్డాయి.

పక్క పొలం జంగయ్యది. భార్య పుట్టిన ఊరని పదేళ్ల కిందట ఇక్కడ భూమి కొనుక్కొని స్థిరపడ్డాడు. మనిషి చెడ్డవాడు కాదు. తన హద్దు తేల్చమని దరఖాస్తు పెట్టుకుంటే సర్వేయర్ వచ్చి కొలిచాడు. ఆ కొలత ప్రకారం మల్లమ్మ బావి జంగయ్య పొలంలోకి పోయింది. బావి పోతే ఆ చెల్కలో ఆముదాలు కూడా పండవు. మందకు తాపే నీళ్లూ అవే.

మా పనిలో హద్దుకు ఆధారం టీపన్. నిజాం కాలంలో ఒక్కో సర్వే నంబరుకూ గొలుసుతో కొలిచి గీసిన చిన్న పటం అది. టీపన్ బాగుంటే ఎవరి మాటా అక్కర లేదు. ఈ నంబరు టీపన్ మాత్రం సరిగ్గా ఆ మూలనే చిరిగి ఉంది. మూడు నంబర్లు కలిసే చోట పాతిన మూలరాయి ఎక్కడుందో దొరికితే తప్ప కొలత మొదలు కాదు. అలాంటప్పుడు ఇరుపక్షాల మాటా చెల్లదు కాబట్టి సర్వేయర్ ఐదుగురు ఊరివాళ్లను పంచులుగా నిలబెట్టి, రాయి చూపించమని, వాళ్లు చూపించిన దాన్ని పంచనామాగా రాసి సంతకాలు తీసుకుంటాడు. ఈ కేసులో ఐదుగురు పంచులూ బండ్ల బాట పక్కన నిలబడి ఉన్న ఒక రాయినే చూపించారు. ఐదుగురిదీ ఒకటే మాట. పంచనామా చదివితే నాకు వంక పెట్టడానికి ఏమీ కనపడలేదు.

విచారణ పొలం మీదనే పెట్టాను. ఐదుగురినీ పిలిపించి, వాళ్లలో ఎవరి మీద అభ్యంతరమో చెప్పమని మల్లమ్మను అడిగాను. ఆమె చెప్పేది నాకు ముందే తెలుసనుకున్నాను. ఇన్నేళ్లలో ప్రతి ఊళ్లోనూ విన్నదే: గాయన జంగయ్యకు బావ అయితడు, గీయన మామ అయితడు. మన ఊళ్లల్లో కులం వేరైనా అందరూ అందరికీ వరుస పెట్టి పిలుచుకుంటారు. కుమ్మరాయన రెడ్డిగారికి మామ, సాలాయన గొల్లాయనకు బావ. ఆ వరుసలన్నీ చుట్టరికాలని లెక్క పెడితే పంచనామాకు మహారాష్ట్ర నుంచి మనుషులను తెచ్చుకోవాలి. ఇదే మాట కొంచెం నవ్వుతూ చెప్పి, నిజమైన చుట్టరికం, పగ, పాలిపంపకం ఉంటేనే వింటానని హెచ్చరించాను.

మల్లమ్మ నా ఉపన్యాసం అయ్యేదాకా ఆగి అన్నది:

"నేను గీళ్లను ఏమంటలేను సారు. ఐదుగురు మంచోళ్లే. గీళ్ల పేర్లు చెప్పినోడు ఎవరో అడుగుండ్రి."

పేర్లు చెప్పింది గ్రామ సేవకుడు సాయిలు. సర్వేయర్ ఊళ్లోకి రాగానే పంచులను పిలుచుకొచ్చేది ఎక్కడైనా గ్రామ సేవకుడే. అందులో వింత లేదు. వింత ఏమిటంటే సాయిలు జంగయ్య పొలంలో కొంత భాగం కౌలుకు చేస్తున్నాడు. పంచుల పొలాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఊరి నక్షలో, అంటే పటంలో, చూసుకున్నాను. ఐదుగురివీ బండ్ల బాట దిక్కే. బావికి అవతల, వాగు దిక్కు పొలాలున్నవాళ్లు ఒక్కరూ లేరు. బాట మీద రోజూ పోయే వచ్చేవాళ్లకు బాట పక్కన రాయి కాక ఇంకేం తెలుస్తుంది? అబద్ధం చెప్పే అవసరమే లేని ఐదుగురిని ఏరి నిలబెట్టాడు సాయిలు. కావాలని చేశాడో, రోజూ కలిసి చాయ తాగేవాళ్లను పిలిచాడో నేను తేల్చలేదు, ఇప్పటికీ తెలియదు.

ఆ పంచనామా పక్కన పెట్టి మళ్లీ కొలతకు తేదీ ఇచ్చాను. ఈసారి జాబితా నేనే రాస్తానన్నాను. రాశాను కూడా, చాలా ధీమాగా. వాగు దిక్కు నుంచి ఎవరెవరిని పిలవాలో నా చైన్‌మన్ యాదయ్యను అడిగి రాసుకున్నాను. చైన్‌మన్ అంటే గొలుసు పట్టేవాడు. ఇప్పుడు గొలుసులు పోయి మిషన్లు వచ్చినా ఆ పేరు అట్లనే ఉంది. యాదయ్యది పక్క ఊరే కాబట్టి అందరూ తెలుసు.

తేదీ నాడు జాబితా చదవగానే జంగయ్య లేచాడు.

"సారు, సాయిలు చెప్తె తప్పయింది. మరి మీ యాదయ్య చెప్తె ఒప్పెట్లయితది? ఆయన ఇంటామె, మల్లమ్మ ఇద్దరు సొంత చిన్నాయిన పెదనాయిన బిడ్డలు."

నాకు ఒళ్లు మండింది. ఆ మాట యాదయ్య నాకు చెప్పలేదు, నేను అడగలేదు. నన్నే శంకిస్తున్నావా అని జంగయ్య మీద గొంతు పెంచాను. ఆయన బెదరలేదు. "మిమ్మల్ని అంటలేను, జాబితాను అంటున్న" అన్నాడు. మల్లమ్మ నా దగ్గర అన్న మాటనే తిప్పి నా మీద వేశాడు. ఆ రోజు కొలత ఆపేసి వచ్చాను. జీపులో దారంతా యాదయ్య మీద కోపంగానే ఉన్నాను. పాపం, తప్పు ఆయనది కాదు.

నల్గొండలో నాకొక వకీలు మిత్రుడుండేవాడు. పాత చట్టాల చరిత్ర చదవడం ఆయనకు పిచ్చి. నా గోడు విని పడీపడీ నవ్వాడు. ఇంగ్లండులో ఆరేడు వందల ఏళ్ల కిందటే ఈ తగాదా తేల్చారన్నాడు. అక్కడ భూమి గొడవ వస్తే షెరీఫ్ అనే అధికారి ఆ చుట్టుపక్కలవాళ్లను పన్నెండు మందిని పిలిచేవాడట. జ్యూరీ అంటే మొదట్లో అదేనట. సాక్ష్యం విని తీర్పు చెప్పడానికి కాదు, ఇరుగుపొరుగుగా తమకు తెలిసింది చెప్పడానికి వచ్చేవాళ్లు. వాళ్ల మీద రెండు రకాల అభ్యంతరం ఉండేది. ఫలానావాడు చుట్టమనో, పగవాడనో ఒక్కొక్కరి మీద చెప్పేది ఒకటి. పిలిచిన షెరీఫే అవతలివాడి మనిషని మొత్తం జాబితా మీద చెప్పేది రెండోది. రెండోది నిలబడిందంటే పన్నెండుగురూ ఇంటికే, వాళ్లు ఎంత నిజాయితీపరులైనా సరే. అప్పుడు కొత్త జాబితా కరోనర్ అనే ఇంకో అధికారి రాసేవాడట.

"సాయిలు నీ షెరీఫ్. వాణ్ణి తీసేసి నువ్వు కరోనర్‌గా పోయినవ్. నిన్ను గూడ కొట్టేసిండ్రు. ఇగ నీ రాత" అన్నాడు మిత్రుడు.

కరోనర్ కూడా పనికిరాకపోతే ఏం చేసేవాళ్లని అడిగాను. కోర్టు ఇద్దరిని నియమించి వాళ్లతో జాబితా రాయించేదన్నాడు. నా దగ్గర కోర్టు లేదు. ఉన్నది రికార్డు ఒక్కటే. రికార్డుకు చుట్టాలుండరు కదా అని తట్టింది. ఆ మూల దగ్గర కలిసే మూడు నంబర్లనూ ఆనుకొని ఉన్న సర్వే నంబర్లన్నీ తీసి, వాటి పట్టాదారులు ఎవరైతే వాళ్లందరికీ నోటీసులు పంపాను. తొమ్మిది మంది తేలారు. నేను ఏరలేదు, యాదయ్య ఏరలేదు, నక్ష ఏరింది. ఆ రోజుకు చైన్‌మన్‌ను కూడా వేరే మండలం నుంచి తెప్పించాను.

తొమ్మిది మందినీ నిలబెట్టి, ఇద్దరికీ చెరో రెండు పేర్లు కొట్టేసే హక్కు ఇచ్చాను. కారణం అందరి ముందర పైకి చెప్పాలన్నాను. జంగయ్య ఇద్దరిని కొట్టేశాడు, ఇద్దరూ మల్లమ్మ పాలివాళ్లే, అంటే దాయాదులే. మల్లమ్మ తనతో గట్టు తగాదా ఉన్న ఒకాయనను తీసేయమన్నది. ఇంకొక పేరు కొట్టేసే హక్కు ఆమెకు మిగిలింది. జాబితాలో నర్సయ్య ఉన్నాడు. ఆయన జంగయ్యకు సొంత బావమరిది, వరుస బావమరిది కాదు. ఆయన పేరు కొట్టేయొచ్చని నేనే గుర్తు చేశాను. నా పద్ధతిలో అలా గుర్తు చేయకూడదు, కానీ ఆమె బావి నా కళ్లకు కనపడుతూనే ఉంది.

"వద్దు సారు" అన్నది. "మా మంద మూడేండ్లు ఆయన చెల్కల పన్నది. గా మూల ఆయనకు తెలుసు. తెలిసినోన్ని కొట్టేస్తే ఇగ తెల్వనోళ్లే మిగుల్తరు."

ఎరువు కోసం రైతు పొలంలో రాత్రిపూట గొర్లమందను నిలపడం ఇక్కడ మామూలే. ఆ మూడేళ్లు నర్సయ్య రోజూ పొద్దున ఆ హద్దు మీదుగా నడిచినవాడని ఆమె లెక్క. నాకు మాత్రం ఈమె చేతులారా బావి పోగొట్టుకుంటున్నదని అనిపించింది.

మిగిలిన ఆరుగురినీ మోటరు రూము వెనక, మూల కనపడని చోట కూర్చోబెట్టాను. ఒక్కొక్కరే వచ్చి, రాయి ఎక్కడుండేదో అక్కడ జెండా కర్ర పట్టుకొని నిలబడాలి. చైన్‌మన్ బావి గట్టు నుంచి ఆ చోటును కొలిచి చెప్తాడు, నేను రాసుకుంటాను, కర్ర తీసేస్తాం. అయిపోయినవాళ్లు వెనక్కి పోకుండా బాట మీద నిలబడాలి. జంగయ్య, మల్లమ్మ చూడొచ్చు, నోరు తెరవకూడదు.

ముగ్గురు నేరుగా పోయి బాట పక్కన రాయి దగ్గరే నిలబడ్డారు. ఒకాయన తనకు ఎరుక లేదని చెప్పి కర్ర నా చేతికిచ్చాడు. వాగు దిక్కు రైతు ఒకాయన బావికి అవతల, మట్టి దిబ్బ మీద నిలబడ్డాడు. చివర నర్సయ్య. ఆయన బాట దిక్కు చూడనే లేదు. దిబ్బ ఎక్కి, రెండడుగులు దిగి, కర్ర నాటాడు. ముందు రైతు నిలబడ్డ చోటికీ దానికీ మూడడుగుల తేడా.

"గీన్నే సారు" అన్నాడు. "మల్లమ్మ మామ పొద్దుగాల మంద లేపుతప్పుడు గీ రాయి మీద కాలు వెట్టి చెప్పు వారు బిగిచ్చుకునేది. బావి లోతు దీసినప్పుడు మట్టంత గీన్నే వోసిండ్రు."

ఇంతకు ముందు ఎందుకు చెప్పలేదని అడిగాను. "నన్నెవరు అడిగిండ్రు? అడగకముందే పోయి చెల్లె మొగనితోని పంచాది వెట్టుకుంటనా?" అన్నాడు.

చేతులెత్తించి లెక్క పెడితే ముగ్గురికి ఇద్దరు, మల్లమ్మ ఓడినట్టే. నేను లెక్క పెట్టలేదు. రెండు చోట్లా తవ్వించాను. బాట పక్కన రాయి అడుగున ఉత్త మొరం తప్ప ఏమీ లేదు. బండి చక్రాలు పొలంలోకి దిగకుండా ఎవరో పాతుకున్న రాయి అది. దిబ్బ కింద గజం లోతున ఒక పక్కకు ఒరిగిన బండరాయి తగిలింది, దాని అడుగున పిడికెడు బొగ్గులు. పాత సర్వేలో మూలరాయి పాతేటప్పుడు, రేపు రాయి పోయినా ఆనవాలు మిగలాలని అడుగున బొగ్గు వేసేవాళ్లు. ఆ రాయి నుంచి కొలత మొదలుపెడితే చిరగని దిక్కు టీపన్‌తో సరిగ్గా కలిసింది. బావి ఇరవై గజాలు మల్లమ్మ పొలం లోపలే ఉంది.

మల్లమ్మ కొంగుతో మొఖం తుడుచుకొని బావి గట్టు మీద కూలబడ్డది. జంగయ్య బొగ్గులను చేతిలోకి తీసుకొని నలిపి చూశాడు. బావమరిదికి వీపు తిప్పాడు. నా ముందు మాత్రం సంతకం పెట్టాడు, పై అధికారికి అప్పీలు చేయలేదు. ఆయన లేచి నా మీద అభ్యంతరం చెప్పకపోతే నేను ఏరిన మనుషులే వచ్చేవాళ్లు, బహుశా ఇదే చోటు చూపించేవాళ్లు, అది పై ఆఫీసులో ఒక్క రోజు కూడా నిలబడేది కాదు.

ఆ తర్వాత సర్వీసులో ఉన్నంతకాలం నేను రాసిన ప్రతి పంచనామాలో పంచుల పేర్ల కంటే ముందు ఒక వాక్యం రాశాను: ఈ పేర్లు ఎవరు చెప్పారు, ఆ చెప్పినవాడికి ఇరుపక్షాలతో ఏమి సంబంధం. నియమాల పుస్తకంలో ఆ వాక్యం లేదు. నా కింది సర్వేయర్లు దీన్ని చాదస్తం అనుకున్నారు. మంచి మనుషులను నిలబెడితే చాలదని, వాళ్లను ఎవరు నిలబెట్టారో కూడా తేలాలని నేను ఇరవై ఆరేళ్ల తర్వాత నేర్చుకున్నాను.

ఆ వాక్యం మొదటిసారి రాసింది మల్లమ్మ పంచనామాలోనే. దాని పైన, జాబితా రాసిన అధికారి మీద పట్టాదారు జంగయ్య అభ్యంతరం చెప్పినాడు, అభ్యంతరం సరైనది అని నా చేతిరాతలోనే ఉంది. కింద నా సంతకం.