ఆబోతు ఉలవలు, అన్న ఉపవాసాలు

ఆ ఉదయం పుంగనూరులో మా ఇంటి ముందు ఉన్నవి: కట్టేసిన ఆబోతు, దాని ముందు నానబెట్టిన ఉలవల గంప, వదిన ట్రంకుపెట్టె, ఆమెను బొగ్గుతో నడిచే బస్సు దాకా చేర్చాల్సిన ఎద్దుల బండి. ఉన్నవాళ్లు: అమ్మ, అన్న, వదిన, ఆమె చంకలో మూణ్ణెల్ల ఆడబిడ్డ, నేను. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పశువైద్యం చదివి మదనపల్లెలో కొత్తగా ఉద్యోగంలో చేరాను.

ఆ బిడ్డ పుట్టినప్పుడు మదనపల్లె ఆసుపత్రిలో తూస్తే నాలుగున్నర పౌండ్లు, అంటే రెండు కిలోలే. అంతకు ముందుది ఇంకా బక్కది, దక్కలేదు. వదిన కడుపే మంచిది కాదని తేల్చేశారు. ఆమెను కుప్పంలో పుట్టింటికి పంపి, అన్నకు మళ్లీ పెళ్లి చేస్తారు.

అన్న తిండి: గట్టి కొడుకు కోసం మొక్కుకుని పెళ్లయినప్పటి నుంచీ ఒంటిపూట భోజనం. సోమ, శనివారాలు అదీ లేదు. మిగతా కడుపంతా కాఫీ, బీడీలు. ఆబోతు తిండి: ఆవుల మీదికి వదిలే కాలానికి రెండు నెలల ముందు నుంచే ఉలవలు, పత్తిగింజలు, బెల్లం. పెట్టేది అన్నే, తన చేత్తో. దూడ గట్టిదనం ఆబోతు మేతలోనే మొదలవుతుందని మాకూ చదువులో చెప్పారు. మనుషుల సంగతి పాఠంలో లేదు.

వదిన బండెక్కుతుండగా కురబలకోట రైతు ఒకడు మా ఆబోతుకు పుట్టిన బక్కదూడను తోలుకొచ్చాడు.

"ఇదేం దూడప్పా? పోయినేడు నీ ఆబోతుకు ఏం మేపినావు?"

అన్న నొచ్చుకున్నాడు. "పోయినేడు ఉలవలు దొరకలేదప్పా. ఈసారి సూడు, గంపలు గంపలు మేపుతాండా."

"మరి నీ ఆవును పుట్టింటికి తోలలేదా?" అని రైతును అడిగాను.

"ఆవేం చేసిందప్పా, పాపం!"

అన్న నా వైపు తిరిగాడు. "నన్ను గొడ్డుతో సమానం చేస్తాండావా రా?"

"సమానం యాడన్నా? గొడ్డుకు ఉలవలన్నా ఉండాయి."

"ఆ గంపలో రెండు పిడికిళ్లు మీ అన్నకూ పెట్టు నాయనా, నేను పోయినాకైనా" అంది వదిన బండిలోంచి.

"సదువుకున్నోడివి, సిగ్గుండాలప్పా" అంది అమ్మ. "బిడ్డను మోసేది ఆడది. మొగోడు ఏం తింటే ఏం?" బండి తోలమంది.

బండి మలుపు తిరిగాక అన్న ఆబోతుకు ఇంకో చేటెడు ఉలవలు వేశాడు. ఆ రోజు సోమవారం, తను మాత్రం ఏమీ తినలేదు.

మరుసటి ఏడు కురబలకోటలో దూడలు గట్టిగా పుట్టాయి. ఇంటికి కొత్త వదిన వచ్చింది. ఈసారి కొడుకు తప్పిపోకూడదని అన్న గురువారాన్ని కూడా ఉపవాసాల్లో కలిపాడు. కాన్పు అదే ఆసుపత్రిలో, తూచింది అదే త్రాసులో.

నాలుగుంబావు పౌండ్లు.