మైకు చాచిన రేడియో పిల్ల

తొంభైల చివర్లో ఒక చలికాలం, ఇరాక్ మీద మళ్ళీ బాంబులు పడతాయన్న పుకారుకి దోహా హోటళ్ళు అమెరికా విలేకరులతో కిటకిటలాడాయి. నేనప్పుడు అక్కడే ఉమ్ ఘువైలినా పేటలో ఉంటూ అద్దె కార్ల కంపెనీలో డ్రైవర్ని. యుద్ధం సంగతి ఏమో కానీ, నాకు మాత్రం గిరాకీ ముంచెత్తింది.

పెద్ద విలేకరులు సముద్రాన్ని వెనక పెట్టుకుని, కెమెరా ముందు మొహం గంటు పెట్టుకుని మాట్లాడి, ఆ వెంటనే బఫే మీద పడేవాళ్ళు. నాకు దక్కింది ఒక రేడియో పిల్ల. పాతికేళ్ళు కూడా లేవు, పరదేశంలో మొదటి డ్యూటీ. "భయపడుతున్న మనిషి గొంతు ఒక్కటి పంపకపోతే నన్ను వెనక్కి పిలిచేస్తారు," అంది కారెక్కగానే. పాపం, ఊరంతా గాలించినా భయపడేవాడు దొరకలేదు.

చివరికి మదీనత్ ఖలీఫాలో విల్లా కడుతున్న మనవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాను. అందరూ కరీంనగర్ వైపువాళ్ళు. ఆమె టేప్ రికార్డర్ నొక్కి మైకు చాచింది. "యుద్ధమొస్తుందని భయంగా ఉందా?" అని ఇంగ్లీషులో అడిగింది, నేను తెలుగులో అడిగాను.

మొదటివాడు మైకుని రెండు చేతులా పట్టుకున్నాడు. "అమ్మా, నేను మంచిగున్న. నువ్వేం రంది వెట్టుకోకు. ఈడ లొల్లేం లేదు."

రెండోవాడు మైకు లాక్కున్నాడు. "బర్రె ఈనిందా? దుడ్డెనా, దున్ననా?"

వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. ఫోను చేయడం తలకు మించిన ఖర్చు. కబుర్లన్నీ క్యాసెట్‌లో నింపి, సెలవుకి వెళ్ళేవాడి చేత పంపడం అక్కడి అలవాటు. మైకు కనబడిందంటే అవతల ఊరు ఉన్నట్టే. అంతా అయ్యాక, "అన్నా, క్యాసెట్ ఎవలు తీస్కపోతరు?" అని నన్నే అడిగారు.

కారులో అన్నీ విడమరిచి చెప్పాను. ఆమె మొహం వాడిపోయింది. "ఒక్కరికీ భయం లేదా?"

"ఉన్నా అమ్మకు చెబుతారా?" అన్నాను.

అయినా మంచి పిల్ల. అల్ ముంతజాలో క్యాసెట్ల కొట్టుకెళ్ళి నకలు తీయించి, అసలుది ఊరికి పంపించింది. నకలు విన్న ఆఫీసువాళ్ళు ఇది వార్తే కాదన్నారట. నాకు ఒళ్ళు మండింది.

వారాలు గడిచాయి, పుకారు మాత్రం సద్దుమణగలేదు. రేపు బయల్దేరి వచ్చెయ్యమని ఆమెకు కబురొచ్చిన రోజునే, ఊరినుంచి తిరిగొచ్చినవాడు జవాబు క్యాసెట్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆమె, నేను కారులోనే పెట్టి విన్నాం.

"పైసలు మన్నువడ. రేడియోల యుద్ధమంటుండ్రు, కంటికి నిద్ర లేదు కొడకా, వొచ్చెయ్," అని ఒక ముసలమ్మ ఏడ్చింది. తరవాత ముక్కు చీదుకుని, "అడిగే పిల్ల ఎవలో గని, బిడ్డా, గంత దూరం ఒక్కదానివే పోయినవ్. నీకు భయమైతలేదా?" అంది.

మొత్తం ఇంగ్లీషులో చెప్పాను. రేడియో పిల్ల క్యాసెట్ వెనక్కి తిప్పి, ఆ చివరి మాట మళ్ళీ పెట్టింది. అందరినీ అదే అడుగుతూ తిరిగింది, ఆమెను మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ రాత్రే ఆమె పంపిన ముసలమ్మ గొంతు అమెరికా రేడియోలో వచ్చింది. పిల్ల ప్రయాణం ఆగింది. ఆ కబురు చెప్పి, కారు పక్కకు ఆపమంది. నన్ను కాసేపు దిగమని, కొత్త క్యాసెట్ పెట్టుకుంది. అద్దం పూర్తిగా ఎత్తలేదు కాబట్టి నాకు వినబడింది. మైకుని రెండు చేతులా పట్టుకుని చెబుతోంది:

"అమ్మా, నేను బాగున్నాను. నువ్వేం దిగులు పెట్టుకోకు."