బంపరు మీద తొలి కాయ

మొన్న పలాసలో రోడ్డు పక్కన ఒక లారీకి పాత బంపరు విప్పి కొత్తది బిగిస్తుంటే, ఎక్కాల్సిన బస్సును కూడా వదులుకుని చూస్తూ నిలబడ్డాను; ఉద్దానం కొబ్బరి తోటల్లోకి తొలి లారీ వచ్చిన రోజులు ఎరిగినవాళ్ళకు ఎందుకో చెప్పనక్కర లేదు.

మా నాన్న ఎడ్లబళ్ళన్నీ అమ్మి కొన్న లారీని అన్నయ్య నడిపేవాడు. కొబ్బరికాయలు పలాస స్టేషనుకు చేర్చడమే దాని పని. పూర్వం తొలి కాయను బండి చక్రం మీద కొట్టి మరీ లోడు ఎత్తేవారు, లారీ వచ్చాక ఆ ఆచారం బంపరు మీదికి మారింది.

ఒకసారి నందిగాం దగ్గర కల్వర్టు గోడకు తగిలి ఆ బంపరు విల్లులా వంగిపోయింది. నేను కొలిచి డైరీ కాగితం మీద గీసిచ్చిన బొమ్మ చూసి, మందస కమ్మరి పాత ఎడ్లబండి చక్రపు ఇనప పట్టా సాగదీసి ఒకటి చేసిచ్చాడు. నల్లగా మొరటుగా ఉన్న అది నాకు నచ్చలేదు. ఇంట్లో ఇంగ్లీషు రాయగలిగింది నేనొక్కదాన్నే కనుక, కంపెనీదే ఉండాలని నాన్నను ఒప్పించి మద్రాసుకు ఉత్తరం రాశాను.

మూడు నెలలకు చెక్కపెట్టెలో, గడ్డి మధ్య, ముఖం చూసుకునేంత మెరుపుతో కంపెనీ బంపరు వచ్చింది. కమ్మరిది విప్పి లారీ వెనక పడేసి, అన్నయ్య దీన్ని బిగించాడు. దాని వైభవం చూడాలని మర్నాడు నేనూ తోటకు వెళ్ళాను. మేనత్త మొగుడు, మా మావయ్య, తన తోటలో తొలి కాయ ఎత్తేసరికి, నలుగురిలో నోరు విప్పని నేను, మెరుగు పోతుందని, పక్కనున్న రాయి మీద కొట్టమన్నాను. ఆయన కాయ కింద పెట్టేసి నాన్నతో అన్నాడు:

“కాయ కొట్టనీయని బండికి మా కాయలేటికి బావా? ఇంటికి తీసుకుపోయి అద్దంలా పెట్టుకో.”

నవ్వుతూనే అన్నాడు గాని, పక్క తోటలవాళ్ళు కూడా కాయలు మోయడం ఆపేశారు. మధ్యాహ్నం గూడ్సు రైలుకు సరుకు అందకపోతే, కాయలు కొనే షావుకారు ఈ పని తిరిగి బళ్ళవాళ్ళకే ఇచ్చేస్తాడు, మాకేమో బళ్ళు లేవు. లారీ వెనక పడివున్న కమ్మరి బంపరు దగ్గరికి నేనే నడిచాను.

“ఇదే బిగించు అన్నయ్యా. తప్పు నాది.”

ఒక కొస మావయ్యే పట్టుకున్నాడు. బోల్టులు నేను కొలిచిన చోటే కూర్చున్నాయి, కాయ ఒక్క దెబ్బకు పగిలింది.

“కొలతలు నువ్వు తీసినవేనంట కదే కోడలా,” అన్నాడు, నీళ్ళు కారుతున్న చిప్ప నా చేతికిస్తూ.

ఆ రోజు లోడు అందింది. కంపెనీ బంపరు మా వసారా గోడకు చేరింది, ఎన్నో ఏళ్ళు దానిలో చూసుకునే జడ వేసుకున్నాను.

మొన్న పలాసలో బిగించింది అంతకన్నా మెరిసింది. విప్పి పడేసిన పాతదాన్ని వంగి చూశాను. సొట్టలు చాలానే ఉన్నాయి. ఒక్కటీ కాయ కొట్టగా పడింది కాదు.