మామ ప్రెస్సులో కంప్యూటర్ రిపేరు

నేను వేలూరులో కంప్యూటర్ ఉద్యోగంలో చేరిన కొత్తలో గుడియాత్తం నుంచి మా మేనమామ ఫోన్ చేశాడు. ఆయనకు అక్కడ ప్రింటింగ్ ప్రెస్ ఉంది. ఆయన కూతురు రాధ నాకేనని చిన్నప్పటి నుంచీ ఇంట్లో అనుకున్న మాట.

"కంప్యూటర్ ఆన్ గావడంల్యా నాయనా. నువ్వు తప్ప మాకెవరుండారు?" అన్నాడు.

సంబరంగా బస్సెక్కాను. ప్రెస్సుకు చేరి, నల్లటి తెర మీద కమాండ్లు కొట్టి, కంప్యూటర్‌ను మొదట లేపే ప్రోగ్రాం, బూట్ లోడర్ చెడిపోతే దాన్ని మళ్లీ ఎక్కించాను. కంప్యూటర్ లేచింది.

"బతికించినావు! రాధ పెండ్లి పత్రిక దీంట్లోనే చిక్కుకోనుండాది" అన్నాడు మామ.

"పెళ్లా? ఎవరితో?"

"ఆర్కాడు అబ్బాయి. ముందే చెప్పింటే నువ్వు వచ్చింటావా?"

ఈ సంగతి మా అమ్మకూ ముందే తెలుసట!

కంప్యూటర్ చెడితే తప్పెక్కడుందో తెర మీదే చూపిస్తుంది. నా వాళ్లు ఆ పాటి మర్యాద కూడా చూపలేదు.